పక్క ప్లాట్‌లో సెల్లార్ తవ్వితే మా నల్లాలో చాయ్ రంగు నీళ్లు ఎందుకొచ్చాయి?

(ఎపిసోడ్ పూర్తి పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం, చదవడానికి ఇబ్బంది లేకుండా అక్కడక్కడా సరిచేశాం.)

ముందుగా ఈ సీసా చూడండి. చాయ్ కాదు, బూస్ట్ కాదు. పోయిన జూలైలో ఒక పొద్దున మా కిచెన్ నల్లా తిప్పితే వచ్చిన నీళ్లు. దాచిపెట్టుకున్నాను. ఇప్పుడు దీన్ని గట్టిగా ఊపి టేబుల్ మీద పెడుతున్నా. ఎపిసోడ్ అయ్యేదాకా ఇది ఇక్కడే ఉంటుంది. చివర్లో మళ్లీ చూద్దాం.

జరిగింది ఏంటంటే, మేం మణికొండ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. ఐదు ఫ్లోర్లు, 20 ఫ్లాట్లు. పక్క ప్లాట్‌లో ఏదో కమర్షియల్ బిల్డింగ్‌కి మూడు సెల్లార్ల గుంత తవ్వుతున్నారు. తవ్విన ఎర్రమట్టిని గోడ పక్కనే కొండలాగా పోశారు. ఒక రాత్రి వాన దంచికొట్టింది. ఆ మట్టి కరిగి రోడ్డెక్కింది, రోడ్డు మీంచి మా పార్కింగ్‌లోకి వచ్చింది, పార్కింగ్‌లో నేలకి సమానంగా ఉన్న సంప్ మూత సందులోంచి లోపలికి దిగింది. మోటర్‌కి ఆటోమేటిక్ స్విచ్ ఉంది కదా, అది దాని డ్యూటీ అది చేసింది. ఆ బురదనంతా పైన ట్యాంక్‌కి ఎక్కించింది. తెల్లారేసరికి 20 ఫ్లాట్లలోనూ ఇవే నీళ్లు.

రెండు రోజులు ట్యాంకర్ తెప్పించుకున్నాం. సంప్ కడిగిస్తే అడుగున మడమ లోతు బురద. గ్రౌండ్ ఫ్లోర్‌లో రెండేళ్ల బాబుకి ఆ వారమే విరేచనాలు పట్టుకుని సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ నీళ్ల వల్లేనని నేను నిరూపించలేను. కానీ వాళ్ల అమ్మ మొహం మాత్రం మర్చిపోలేను.

సైట్ దగ్గరికెళ్లి సూపర్‌వైజర్ని అడిగాను. ఆయన కోప్పడలేదు, తిట్టలేదు. చాలా మామూలుగా అన్నాడు: "వానకి మేమేం చేస్తాం సార్?"

ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్నకి జవాబు. ఎందుకంటే చేయడానికి చాలా ఉంది. వాన మన చేతుల్లో లేదు, నిజమే. మట్టి మాత్రం మన చేతుల్లోనే ఉంది.

ఒక ఎకరం, ఒక గంట వాన

నేను ఐదేళ్లు కోడ్ రాసినోణ్ని. ముందు లెక్క చూడకపోతే నాకు నిద్ర పట్టదు.

ఒక చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా 1 లీటరు. ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. హైదరాబాద్ వానాకాలంలో 20 మిల్లీమీటర్లు పడటం పెద్ద విషయం కాదు. అంటే ఒక ఎకరం సైట్ మీద దాదాపు 81,000 లీటర్లు. అందులో సగం భూమిలోకి ఇంకిందనుకుందాం. మిగతా సగం, 40,000 లీటర్లు, పల్లం వైపు పరిగెడుతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే ఎనిమిది. ఎనిమిది ట్యాంకర్లు ఒకేసారి గేటు తెరిచి వదిలేసినట్టు.

ఇప్పుడు ఆ నీళ్లలో లీటరుకి 5 గ్రాముల మట్టి ఉందనుకోండి, అంటే ఒక చెంచాడు. మొత్తం 200 కిలోలు. నాలుగు సిమెంట్ బస్తాల బరువు. ఒక్క ఎకరం, ఒక్క వాన. సీజన్‌లో ఎన్ని వానలు, నగరంలో ఎన్ని సైట్లు, మీరే లెక్కేసుకోండి.

అడవి నేల మీద కూడా ఇంతే వాన పడుతుంది కదా, అక్కడ ఎందుకు పోదు? అక్కడ ఆకులు చినుకు దెబ్బ తింటాయి, వేర్లు మట్టిని పట్టుకుంటాయి. మనం జేసీబీతో మొదటి రోజే చేసే పని ఏంటి? ఆ గడ్డి, ఆ చెట్లు, పైమట్టి మొత్తం గీకేయడం. ఆ తర్వాత ఆ నేల మీద లారీలు తిరిగి తిరిగి గట్టిపడుతుంది, ఇంకడం తగ్గుతుంది. ఒకవైపు మట్టి వదులైంది, ఇంకోవైపు నీళ్లు ఎక్కువయ్యాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పే లెక్క ఒకటుంది: కన్‌స్ట్రక్షన్ సైట్ నుంచి కొట్టుకుపోయే మట్టి పంట పొలాలతో పోలిస్తే 10 నుంచి 20 రెట్లు, అడవులతో పోలిస్తే 1,000 నుంచి 2,000 రెట్లు ఎక్కువ.

మట్టే కదా, ఏమవుతుంది?

అందరూ అడిగేది ఇదే. "మట్టి కెమికల్ కాదు కదా బ్రో" అని. మట్టి నేల మీద ఉన్నంతసేపు బంగారం. నీళ్లలో కలిసినప్పుడే సమస్య.

ఒకటి, నీళ్లు మసకబారితే వెలుతురు అడుక్కి చేరదు. నీటి మొక్కలు చస్తాయి. చేపల మొప్పల్లో సన్న మట్టి ఇరుక్కుంటుంది, గుడ్లు బురద కింద పడిపోతాయి.

రెండు, మట్టి రేణువు ఒంటరిగా పోదు. ఫాస్ఫరస్ దానికి అంటుకుని పోతుంది. చెరువులో అది నాచుకి ఎరువు. నాచు పెరిగి, చచ్చి, కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ అయిపోతుంది. పొద్దున్నే చేపలు తేలిపోయిన ఫోటోలు చూస్తుంటాం కదా, వాటి వెనక ఉండే కారణాల్లో ఇదొకటి.

మూడు, మన తాగునీళ్లు. నీళ్లెంత మసకగా ఉన్నాయో ఎన్‌టీయూ అనే యూనిట్‌లో కొలుస్తారు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది 1 దాటకూడదు, వేరే దారి లేకపోతే 5 వరకు ఒప్పుకుంటారు. ఎందుకంత గట్టిగా పట్టుకున్నారంటే, మసక నీళ్లలో సూక్ష్మజీవులు మట్టి రేణువుల చాటున దాక్కుంటాయి. క్లోరిన్ వేసినా వాటిదాకా పూర్తిగా చేరదు. సంప్‌లో బురద పడ్డాక బ్లీచింగ్ చల్లి "అయిపోయింది" అనుకుంటే సరిపోదన్నమాట. ముందు బురద తీయాలి, తర్వాతే క్లోరిన్.

నాలుగు, సైట్ నుంచి పోయేది మట్టి ఒక్కటే కాదు. జేసీబీ డీజిల్, ఆయిల్, పెయింట్ డబ్బాలు కడిగిన నీళ్లు, లేబర్‌కి టాయిలెట్లు కట్టని చోట మలం కూడా. వీటన్నింటికంటే ఎవరూ పట్టించుకోనిది కాంక్రీట్ కడిగిన నీళ్లు. స్లాబ్ పోశాక మిల్లర్‌ని రోడ్డు పక్కనే కడిగేస్తారు, మీరూ చూసే ఉంటారు. ఆ తెల్లటి నీళ్ల పీహెచ్ 12 దాకా ఉంటుంది. మామూలు నీళ్లది 7. తేడా ఐదే కదా అనుకోవద్దు. పీహెచ్‌లో ఒక్కో మెట్టు పది రెట్లు, అంటే ఐదు మెట్లకి లక్ష రెట్లు. ఒక చిన్న కుంటలో కప్ప పిల్లలు, చేప పిల్లలు చావడానికి అది చాలు.

ఆ నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయి?

చాలామంది అనుకునేది, రోడ్డు మీద జాలీలోకి పోయిన నీళ్లు ఎక్కడో శుద్ధి అవుతాయని. డ్రైనేజీ వేరు, వరద కాలువ వేరు. బాత్రూమ్ నీళ్లు పోయే లైన్‌కి ఎస్టీపీ ఉంటుంది. వాన నీళ్ల కాలువకి మామూలుగా అలాంటిది ఉండదు. జాలీలో పడిందంటే నాలా, నాలా నుంచి చెరువు, చెరువు అలుగు పోస్తే కింద ఇంకో చెరువు, చివరికి మూసీ. అంటే మధ్యలో ఫిల్టర్ లేని డైరెక్ట్ లైన్.

మనవి గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల కాలం నుంచి మన పెద్దవాళ్లు ఒకదాని నీళ్లు ఇంకోదానికి పోయేలా కట్టిన సిస్టమ్. మంచి నీళ్లు ఎలా పోతాయో బురద కూడా అలాగే పోతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు 46,000కి పైగా చెరువుల్లో పూడిక తీయాలని టార్గెట్ పెట్టుకున్నారు. ప్రజల డబ్బుతో ఒకవైపు పూడిక తీస్తూ, ఇంకోవైపు సైట్ల నుంచి కొత్త పూడిక పంపిస్తే ఏమన్నట్టు? బగ్ ఫిక్స్ చేసే టీమ్ ఒకటి, అదే బగ్‌ని రోజూ మళ్లీ డిప్లాయ్ చేసే టీమ్ ఇంకోటి.

పూడిక చేరిన కొద్దీ చెరువులో నీళ్లు పట్టే చోటు తగ్గుతుంది. నాలా అడుగున మట్టి పేరుకుంటే వరద తొందరగా రోడ్డెక్కుతుంది. 2020 అక్టోబర్‌లో మన కాలనీలు మునిగినప్పుడు కారణాలు చాలా ఉన్నాయి, మొత్తం సైట్ల మట్టి మీదకి తోయను. కానీ నాలాలో ప్రతి అడుగు పూడికా నీళ్లకి దక్కాల్సిన జాగానే కదా.

హైదరాబాద్‌కి ఈ పాఠం కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ రెంటికీ నీళ్లొచ్చే ప్రాంతాన్ని కాపాడటానికే 1996లో జీవో 111 వచ్చింది. 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు తీశారు, జంట జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదు అనే షరతుతో. నేను పాలిటిక్స్ మాట్లాడట్లేదు. ఆ షరతు కాగితం మీంచి నేల మీదకి దిగాలంటే, అక్కడ తవ్వే ప్రతి గుంత దగ్గరా ఇప్పుడు నేను చెప్పబోయే పనులు జరగాలి. అంతే.

డల్లాస్‌లో నల్ల గుడ్డ కంచె

మా పెద్దనాన్న కొడుకు డల్లాస్ దగ్గర ఇల్లు కట్టించుకుంటున్నాడు. వీడియో కాల్‌లో ప్లాట్ చూపిస్తుంటే చుట్టూ మోకాలెత్తున నల్ల గుడ్డ కట్టి ఉంది. "అదేంటి అన్నా, పాములు రాకుండానా?" అన్నాను. వాడికీ తెలీదు. బిల్డర్ని అడిగి చెప్పాడు, దాని పేరు సిల్ట్ ఫెన్స్ అని.

అమెరికాలో క్లీన్ వాటర్ యాక్ట్ 1972 నాటిది. దాని కింద ఇప్పుడు ఒక ఎకరం, అంతకంటే ఎక్కువ నేల తవ్వే ఎవరైనా వాన నీళ్ల పర్మిట్ తీసుకోవాల్సిందే. మావాడి ప్లాట్ ఎకరం లేదు. కానీ ఒక పెద్ద లేఅవుట్‌లో భాగమైతే చిన్న ప్లాట్ కూడా లెక్కలోకొస్తుంది. తవ్వకముందే ప్లాన్ రాయాలి: నీళ్లు ఎటు పారతాయి, ఎక్కడ ఆపుతాం, ఎవరు చెక్ చేస్తారు. ఫెడరల్ పర్మిట్ ప్రకారం వారానికోసారి తనిఖీ చేయాలి. లేదంటే రెండు వారాలకోసారి, దాంతోపాటు పావు అంగుళం వాన పడిన ప్రతిసారీ 24 గంటల్లోపు. సైట్‌లో ఒక భాగంలో పని 14 రోజులు, అంతకంటే ఎక్కువ ఆగేటట్టుంటే ఆ నేలని గడ్డితోనో, ఎండుగడ్డితోనో, మరోదాంతోనో కప్పే పని వెంటనే మొదలుపెట్టాలి.

అక్కడ అందరూ తు.చ. తప్పకుండా చేస్తారని నేను చెప్పట్లేదు. మన సూపర్‌వైజర్ అడిగిన "వానకి మేమేం చేస్తాం" అనే ప్రశ్నకి రాసిపెట్టిన జవాబు ప్రపంచంలో ఉంది అంటున్నా.

సైట్‌లో ఏం చేయాలి? వరుసగా

మొదటిది, టైమింగ్. దీనికి రూపాయి ఖర్చు లేదు. పెద్ద తవ్వకాలు వానాకాలానికి ముందే ముగించేలా ప్లాన్ చేసుకోవడం. మొత్తం సైట్ ఒకేసారి గీకేయకుండా, ఈ నెల పని ఉన్న భాగమే తెరవడం. కదిలించని మట్టి కొట్టుకుపోదు.

రెండోది, బయటి నీళ్లని బయటే తిప్పేయడం. ఎగువ నుంచి వచ్చే వాన నీళ్లు మన గుంతలో పడకుండా సైట్ పై అంచున చిన్న కాలువ, గట్టు. శుభ్రమైన నీళ్లు శుభ్రంగానే పోతాయి.

మూడోది, కుప్పలు కప్పడం. మట్టి, ఇసుక, డస్ట్ ఏదైనా సరే నాలాకి దూరంగా పోయాలి, టార్పాలిన్ కప్పాలి, కింది అంచు చుట్టూ ఇసుక బస్తాలు పెట్టాలి.

నాలుగోది, పల్లం అంచున సిల్ట్ ఫెన్స్. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. గుడ్డని కర్రలకి కట్టి వదిలేస్తే నీళ్లు కిందనుంచి దూరిపోతాయి. దాని కింది అంచుని ఆరు అంగుళాల లోతు కాలువ తీసి పాతిపెట్టి మట్టి గట్టిగా తొక్కాలి. దాని పని నీళ్లని ఆపేయడం కాదు, నెమ్మది చేయడం. నీళ్లు నిలబడితే మట్టి దిగుతుంది. అందుకే పారే కాలువకి అడ్డంగా దీన్ని కట్టకూడదు, ఒక్క వానకే ఊడిపోతుంది.

ఐదోది, సెటిల్మెంట్ గుంత. పెద్ద సైట్లకి ఇదే గుండెకాయ. అమెరికా రూల్‌లో ఒక కొలత ఉంది: ఎకరానికి 3,600 ఘనపుటడుగులు. అంటే దాదాపు లక్ష లీటర్లు. మన 81,000 లీటర్ల లెక్క గుర్తుంది కదా, ఆ వాన మొత్తం అందులో పట్టేస్తుంది. గుంతలోంచి నీళ్లు బయటికి వదిలేటప్పుడు అడుగు నుంచి కాదు, పైపైన తేరుకున్న నీళ్లే వదలాలి.

ఆరోది మన హైదరాబాద్ స్పెషల్: సెల్లార్ నీళ్లు. గుంతలో నీళ్లు నిండితే మోటర్ పెట్టి పైపు రోడ్డు మీదకి వదిలేస్తారు. అది నేరుగా జాలీలోకి. ఆ పైపు ముందు సెటిల్మెంట్ గుంతలోకో, కనీసం రెండు మూడు డ్రమ్ముల వరుసలోకో పోవాలి.

ఏడోది, గేటు. లారీ టైర్లతో రోడ్డెక్కిన బురదే తర్వాతి వానకి నాలాలోకి పోయేది. గేటు దగ్గర పెద్ద కంకర పరిచి, టైర్లు కడిగి పంపాలి. రోడ్డు మీద పడ్డ మట్టిని పారతో ఎత్తాలి. పైపు పెట్టి కడిగితే అది శుభ్రం కాదు, షిఫ్టింగ్.

ఎనిమిదోది, కాంక్రీట్ కడగడానికి ప్లాస్టిక్ షీట్ పరిచిన గుంత. నీళ్లు ఆవిరైపోతాయి, గడ్డకట్టిన ముక్కలు పగలగొట్టి ఫిల్లింగ్‌కి వాడుకోవచ్చు.

రూల్స్ మనకీ ఉన్నాయి

వాటర్ యాక్ట్ 1974, సెక్షన్ 24. నీటి ప్రవాహంలోకి కాలుష్యం తెలిసి వదలకూడదు, ప్రవాహానికి అడ్డుపడే వస్తువు కూడా వదలకూడదు. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టే బిల్డింగులకి పర్యావరణ అనుమతి కావాలి. ఆ అనుమతి పత్రంలో షరతులు రాసి ఉంటాయి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుల ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు వదలాలి. కట్టడం, కూల్చడం వల్ల వచ్చే చెత్తకి 2016లోనే రూల్స్ వచ్చాయి.

మనకి లోటు ఎక్కడంటే, 20,000 చదరపు మీటర్ల కంటే చిన్న సైట్ల దగ్గర. మా పక్క ప్లాట్ లాంటివి. తవ్వే రోజు వచ్చి నీళ్లు ఎటు పోతాయని అడిగే మనిషి అక్కడ కనిపించడు.

మేమైతే 20 ఫ్లాట్ల వాళ్లం సంతకాలు పెట్టి, తేదీతో ఫోటోలు, వాన పడుతుండగా తీసిన వీడియో జతచేసి ఫిర్యాదు ఇచ్చాం. "దుమ్ము, గొడవ" అని రాయలేదు. "మట్టి నీళ్లు ఈ పాయింట్ నుంచి ఈ జాలీలోకి పోతున్నాయి" అని రాశాం. రెండు వారాలకి ఇసుక బస్తాలు వచ్చాయి, మోటర్ పైపు ముందు ఒక గుంత వచ్చింది. ఒక ఆదివారం రాత్రి మళ్లీ రోడ్డు మీదకే వదిలారు, మళ్లీ అడిగాం. మా వైపు నుంచి సంప్ మూత చుట్టూ అడుగు ఎత్తు గోడ కట్టించుకున్నాం. అది ముందే చేయాల్సిన పని.

ఇప్పుడు నా సంగతి

ఇక్కడిదాకా నేను హీరోలా మాట్లాడాను కదా. ఆ ఫిర్యాదు ఇచ్చిన వారమే ఊరికెళ్లాను. జగిత్యాల దగ్గర మాది పల్లెటూరు. బాపు పాత ఇంటి జాగాలో కొత్త ఇల్లు కడుతున్నాడు, సగం పైసలు నావే. బండి దిగి చూస్తే మా ఇసుక కుప్ప సరిగ్గా మోరీ అంచునే ఉంది. సగం మోరీలోనే ఉంది. మిల్లర్ కడిగిన తెల్ల మరక రోడ్డు దాటి మోరీలోకి పోయింది. ఆ మోరీ పోయేది ఊరి కుంటలోకి. బర్లు నీళ్లు తాగేది అందులోనే.

"బాపూ, ఉసికె మోరీ పక్కన ఎందుకు పోయించినవ్?"

"ట్రాక్టర్ లోపలికి రాలేదురా. ఆడ్నే పోసిండు."

"వాన పడితే కుంటలకు పోతది కదా."

"గంత పెద్ద కుంటకు నా ఉసికెనే ఎక్కువైందా?"

అదే జవాబు. పక్క ప్లాట్ సూపర్‌వైజర్‌ది, మా బాపుది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఎవరి కుప్ప వాళ్లకి చిన్నగానే కనిపిస్తుంది.

పర్యావరణం అని లెక్చర్ ఇస్తే బాపు వినడు, నాకు తెలుసు. పార తీసుకుని మోరీలో దిగి ఇసుక ఎత్తడం మొదలుపెట్టాను. పది గంపలు తీశాక బాపు వచ్చి నిలబడ్డాడు. "ఇదంతా మనదేనా?" అన్నాడు. "ట్రాక్టర్‌కి ఎంత ఇచ్చినవో అందులకెల్లి ఇది పోయింది" అన్నాను. ఆ మాట ఎక్కింది.

నేను హైదరాబాద్ వచ్చిన మూడో రోజు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. ఇసుక కుప్ప జరిగి లోపలికొచ్చింది, చుట్టూ పాత ఇటుకల వరుస, పైన వడ్లు కప్పే పట్టా. పక్కనే పాత యూరియా బస్తాలు పరిచిన గుంత, మిల్లర్ కడగడానికి. నేను ప్లాస్టిక్ షీట్ అన్నాను, ఆయనకి దొరికింది అది. కింద మేస్త్రితో టైప్ చేయించిన మెసేజ్: "సరేనా ఇంజినీర్ సాబ్."

సీసా ఏమైంది?

చూడండి. అడుగున గరుకు ఇసుక ఎప్పుడో దిగిపోయింది. దాని మీద సన్న పొర. కానీ పై నీళ్లు ఇంకా చాయ్ రంగే. ఎందుకంటే 0.1 మిల్లీమీటరు ఇసుక రేణువు నిలకడ నీళ్లలో ఒక మీటరు దిగడానికి రెండు నిమిషాలు చాలు. అదే 2 మైక్రాన్ల బంకమట్టి రేణువుకి మూడు రోజులకి పైనే పడుతుంది. పైగా ఈ సన్న రేణువుల మీద ఒకే రకం చార్జ్ ఉండటం వల్ల ఒకదాన్నొకటి తోసుకుంటాయి, కలిసి బరువెక్కవు. మన అమ్మమ్మలు బిందెలో పటిక తిప్పేది, చిల్లగింజ అరగదీసి కలిపేది ఈ రేణువుల్ని ఒకదానితో ఒకటి అతికించడానికే. ఫిల్టర్ ప్లాంట్లలో పటిక వేసేది కూడా ఇందుకే.

బిందె కాబట్టి పటిక సరిపోయింది. చెరువుకి ఎంత పటిక వేస్తాం? అందుకే మట్టిని సైట్‌లోనే ఆపాలి. ప్రొడక్షన్‌లోకి పోయాక బగ్ ఫిక్స్ చేయడం ఎంత ఖర్చో మన ఐటీ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఈసారి వాన పడ్డప్పుడు ఒక్క పని చేయండి. గొడుగు పట్టుకుని మీ గల్లీలో సైట్ దగ్గరికి పదే పది నిమిషాలు వెళ్లండి. నీళ్లు ఏ రంగులో, ఎటు పోతున్నాయో చూడండి, ఫోన్‌లో తీయండి. ముందు సైట్ వాళ్లతో మర్యాదగా మాట్లాడండి, వినకపోతే మున్సిపాలిటీ యాప్‌లోనో, సోమవారం ప్రజావాణిలోనో ఇవ్వండి. ఆ సైట్ మీ ఇంటిదే అయితే ఇంకా సులువు. అడగాల్సింది ఇంట్లోవాళ్లనే.

సరే ఫ్రెండ్స్, ఈ సీసా మూడు రోజులు ఇక్కడే ఉంచుతున్నా. తేరుకున్నాక ఫోటో పెడతా. ఉంటాను మరి.